సూర్యుడి కాసు

శనగబద్దంత బంగారు కాసు. ఒకవైపు కిరణాలు విరజిమ్మే సూర్యుడి ముఖం, వెనకవైపు పిడుగు.

దక్షిణ ఇటలీలో గ్రీకులు కట్టుకున్న టారెంటమ్ అనే ఊళ్ళో, క్రీస్తు పుట్టకముందే అచ్చయింది. ఇప్పుడది ఫిల్మ్ నగర్‌లో, సినిమా కెమెరామన్ చంద్రశేఖర్ ఇంట్లో, నీలం మఖమల్ పరిచిన పెట్టెలో ఉంటుంది.

ఎప్పుడో పాట షూటింగుకి ఇటలీ వెళ్ళినప్పుడు అంటుకుంది ఈ పాత కాసుల పిచ్చి. పెట్టెలో ఇంతకంటే పెద్ద గ్రీకు కాసులున్నాయి. కానీ ఈ చిన్నదాని కోసమే విదేశీ వేలంపాటల్లో ఏళ్ళ తరబడి కాచుకుని కూర్చున్నాడు.

తల్లి శకుంతలమ్మకి గ్రీకుల గొడవ పట్టలేదు. చూడగానే "సూర్యనారాయణమూర్తి!" అని రెండు చేతులూ జోడించింది.

"రథసప్తమికి ఒక్క పూట దేవుడి దగ్గర పెట్టుకుంటానురా."

"చేతి జిడ్డు అంటుకుంటుందమ్మా."

ఏటా అడిగేది. ఏటా అదే జవాబు. మహానుభావుడు, తను మాత్రం చేతులకి తొడుగులేసుకుని గంటలకొద్దీ చూసుకునేవాడు.

ఆవిడ పోయింది.

నోట్లో తులసితీర్థంతో పాటు కాస్త బంగారం వెయ్యాలన్నారు పురోహితుడు. కోడలు హైమ లోపలికి పరిగెత్తి ఏదో తెచ్చి వేసింది.

శవాన్ని బండిలోకి ఎక్కించాక భర్త దగ్గరికొచ్చి మెల్లగా చెప్పింది.

"అత్తయ్యగారి ఆశ తీరుతుందని ఆ సూర్యుడి కాసే వేశానండీ. తప్పు చెయ్యలేదు కదా?"

"మంచి పని చేశావు," అన్నాడు చంద్రశేఖర్.

అన్నప్పుడు నిజంగానే అన్నాడు.

బండి ఫిల్మ్ నగర్ వాలు దిగేసరికి మనసు మారిపోయింది. తల్లి పక్కన కూర్చుని, చితి మంటకి కాసు మీద ముఖం ఎంతసేపు నిలుస్తుందా అని ఆలోచించాడు. తల్లి ముఖం వైపు చూడలేదు.

శ్మశానం గేటు ముందు పాడె దించారు. దింపుడు కళ్ళం. ప్రాణం ఏ మూలనైనా మిగిలి ఉంటే పలుకుతారని, కొడుకు చెవి దగ్గర మూడుసార్లు పిలవాలి.

చుట్టూ సినిమావాళ్ళు, టీవీ కెమెరాలు.

ఎక్కడ వంగితే ఎవరికి ఏది కనబడదో చంద్రశేఖర్‌కి ఒకరు చెప్పక్కర్లేదు. జీవితమంతా చేసిన పని అదే. అందరికీ తన వీపే కనబడేలా వంగాడు.

"అమ్మా."

ఉత్తరీయం అంచుతో ఆవిడ నోరు తుడవసాగాడు.

"అమ్మా."

పెదవి చల్లగా ఉంది. పెదవికీ పంటికీ మధ్య వేలు దూర్చాడు. చిన్నగా, గట్టిగా తగిలింది.

దాన్ని ఉత్తరీయం మడతలోకి జార్చుకుని, మూడోసారి పిలవకుండానే లేచాడు.

"మూడుసార్లూ పిలిచారా బాబూ?" అడిగారు పురోహితుడు.

"పిలిచాను."

తల్లి నోరు ఎంత ప్రేమగా తుడిచాడో చూశారా అని వెనక ఎవరో కళ్ళొత్తుకున్నారు.

ఇంటికొచ్చి కాసుని దాని గూట్లో పెట్టి మూత వేశాడు. మళ్ళీ ఆ గదిలోకి పోలేదు. సబ్బుతో ఎంత కడుక్కున్నా వేలికి ఆ చల్లదనం వదల్లేదు. తన ముఖం తనకే చూడబుద్ధి కాలేదు.

మూడో రోజు అస్థికలు ఏరడానికి వెళ్ళారు.

కాటికాపరి వీరభద్రం పాలు చల్లి, బూడిద జల్లెడ పట్టాడు. అస్థికలు కుండలోకి ఎత్తారు. జల్లెడలో ఇంకేమీ మిగల్లేదు.

"కాసేదయ్యా?" అన్నాడు సుబ్రహ్మణ్యం. చంద్రశేఖర్‌కి అక్క మొగుడు. "హైమ తన చేత్తో వేశానంది."

"లేదు సార్."

"కరిగిపోయిందంటావా?"

"కరిగినా గింజ లెక్క దొరుకుతది సార్. బంగారం యాడికి వోతది?"

"నేనడిగేదీ అదే. ఎక్కడికి పోతుంది?"

వీరభద్రం జల్లెడ కింద పెట్టాడు.

"బూడిదల దొరికిన బంగారం ఎట్లయినా కాటికాపరికే ఇడుస్తరు సార్. నాకొచ్చేదాన్ని నేనెందుకు దొంగతనం చేస్త?"

"ఇది మామూలు బంగారం కాదు. కనబడితే మేం వదలమని నీకు తెలుసు. అందుకే దాచావు."

చంద్రశేఖర్ నోరు తెరిచాడు. చెప్పేద్దామనే తెరిచాడు. బావగారు చూస్తున్నారు, పురోహితుడు చూస్తున్నారు, స్టూడియో నుంచి వచ్చినవాళ్ళు చూస్తున్నారు.

"పోనివ్వండి బావగారూ. అతని అవసరం ఏమిటో! అమ్మ పేరు చెప్పుకుని ఉంచుకోనివ్వండి."

అంత మెత్తటి గొంతు తనకెలా వచ్చిందో తెలియలేదు. సిగ్గుతో ఒళ్ళంతా ముడుచుకుపోయింది.

"ఎంత పెద్ద మనసు బాబూ! ఆ తల్లి పెంపకం అలాంటిది," అన్నారు పురోహితుడు.

వీరభద్రం ఉన్నచోటు నుంచి కదల్లేదు.

"లేనిదాన్ని ఎట్ల ఉంచుకోవాలె సార్?"



అతను చొక్కా విప్పి, జేబులు బయటికి లాగి, అందరికీ కనబడేలా గట్టు మీద పరిచాడు. జల్లెడ దులిపాడు. బూడిద కుప్ప ముందు గొంతుక్కూర్చుని ఒక చివర నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు.

"జర దగ్గరికి రాండ్రి సార్," అన్నాడు చంద్రశేఖర్‌తో. "నా చేతులే చూస్కుంట నిలబడుండ్రి."

చంద్రశేఖర్ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.