సుడిగాలికి సంతాపం

సుడిగాలి పోయిందన్న కబురు పొద్దున్నే క్రీడా సంఘం ఆఫీసుకు ఫోనులో వచ్చింది. అవతల పెద్దావిడ గొంతు. తను అక్కనని, అంత్యక్రియలు సొంతూళ్లో అయిపోయాయని, హడావుడి వద్దన్నది చెల్లెలి కోరికేనని చెప్పింది. కార్యదర్శి రెండో ప్రశ్న వేయలేదు. మిగతా సంఘాలకంటే ముందు తమ సంతాపం పేపర్లకు చేరాలి కదా.

మధ్యాహ్నానికల్లా ఊళ్లోని పెద్ద హాల్లో సభ ఏర్పాటైంది. పోయింది అల్లాటప్పా మనిషా? వంద మీటర్లలో, రెండు వందల మీటర్లలో దేశానికి పతకాలు తెచ్చిన మనిషి. ఒకప్పుడు ఆమె పరుగు చూడ్డానికి జనం గోడలెక్కేవారు, సుడిగాలి అన్న పేరు పెట్టిందీ వాళ్లే. తర్వాత కొత్తవాళ్లొచ్చారు, జనం గోడలు దిగి వెళ్లిపోయారు. అప్పట్నుంచీ ఆమె ఊరి చివర, సంఘానికే చెందిన మట్టి మైదానంలో లేనివాళ్ల ఆడపిల్లలకు పరుగు నేర్పుతోంది.

ఆ మైదానాన్ని కార్ల పార్కింగ్‌గా మార్చాలని సంఘం తీర్మానించింది. వచ్చే వారమే యంత్రాలు దిగుతాయి. పిల్లల నోట్లో మట్టి కొట్టొద్దని వేడుకోవడానికి సుడిగాలి ఏడాదిగా సంఘం ఆఫీసుకు కాళ్లరిగేలా తిరిగింది. అధ్యక్షుడు మీటింగులో ఉన్నారనో, భోంచేస్తున్నారనో గుమ్మంలోనే చెప్పి పంపేసేవారు. ఆమె అర్జీలు మాత్రం లోపలికి వెళ్లేవి. వాటి మీద కాఫీ కప్పులు పెట్టుకునేవారు.

వేదిక మీద సుడిగాలి ఫొటో నిలబెట్టారు. అందులో ఆమెకు ఇరవై రెండేళ్లు. ఎగురుతున్న జుట్టు, నేల తాకని కాళ్లు. అంతకంటే కొత్త ఫొటో సంఘం దగ్గర లేదు. వెతికే ఓపికా లేదు.

అక్కగారు కర్ర పోటేసుకుంటూ వచ్చింది. నెరిసిన తల, దళసరి కళ్లద్దాలు, చెవుల దాకా చుట్టుకున్న శాలువా. పేరు కూడా ఎవరూ అడగలేదు. అక్కగారూ, అక్కగారూ అంటూ ముందు వరసలో కూర్చోబెట్టారు.

ఉపన్యాసాలు మొదలయ్యాయి. సుడిగాలికి పరుగు నేర్పింది తానేనన్నాడు సంఘం కోచ్. ఆమె బూట్లు విప్పేసిన మరుసటేడాది ఉద్యోగంలో చేరిన మనిషి. తమ ఇంట్లో ఆమె చెయ్యి కడగని పండగ లేదన్నాడు కార్యదర్శి. అధ్యక్షుడు అందర్నీ మించిపోయాడు. కెమెరా తన వైపు తిరిగేదాకా ఆగి, కర్చీఫ్ తీసి కళ్లు ఒత్తుకున్నాడు.

"సుడిగాలి నాకు తోబుట్టువుతో సమానం. ఆమె ఎప్పుడొచ్చినా నా గది తలుపులు తీసే ఉండేవి. ఏదడిగినా కాదనలేదు."

పూలదండ పట్టుకుని ఫొటో వైపు కదిలాడు. అక్కగారు లేచింది.

"ఒక్క మాట బాబూ. ఆ మైదానం పిల్లలకు రాసిచ్చేదాకా తన ఫొటోకి ఎవర్నీ దండ వేయనీయొద్దని మా చెల్లి గట్టిగా చెప్పింది."

దండ గాల్లోనే ఆగిపోయింది. అధ్యక్షుడు తప్పకుండా పరిశీలిస్తామన్నాడు, కమిటీ వేస్తామన్నాడు. అక్కగారు కదిలి ఫొటోకి అడ్డంగా నిలబడింది. కెమెరాలు దగ్గరికొచ్చాయి.

"ఏదడిగినా కాదనలేదని ఇప్పుడేగా అన్నారు," అంది మెల్లగా.

హాలంతా చప్పట్లతో మోగింది. సంతాప సభలో చప్పట్లేమిటని ఎవరికీ తట్టలేదు. పార్కింగ్ కాంట్రాక్టు తీసుకున్న అధ్యక్షుడి బావమరిది మూడో వరసలోంచి వద్దు వద్దని తల ఊపుతున్నాడు. అధ్యక్షుడు బావమరిదిని చూశాడు, కెమెరాలను చూశాడు. కెమెరాలే దగ్గరగా ఉన్నాయి.

కార్యదర్శి పరుగున వెళ్లి ఉత్తర్వు టైపు చేయించుకొచ్చాడు. పార్కింగ్ రద్దు. మైదానం శాశ్వతంగా ఆడపిల్లల శిక్షణకే. సంతకం, ముద్ర, మైకులో చదివి వినిపించడం, అన్నీ అయ్యాయి. బతికుండగా ఏడాది తిరిగినా కాని పని, పోయాక పావుగంటలో అయిపోయింది.

అక్కగారు కాగితం రెండుసార్లు చదువుకుని, జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టుకుంది. అప్పుడు పక్కకు తప్పుకుంది. దండ పడింది. అందరూ తలలు వంచి మౌనం పాటించారు. కార్యదర్శి తల వంచింది వాచీ చూసుకోవడానికి.

సభ ముగిశాక అధ్యక్షుడు తన కారులోనే ఆమెను పంపే ఏర్పాటు చేశాడు. చెల్లెలు పరుగు నేర్పిన చోటు ఒకసారి చూసి పోతానంది అక్కగారు. అలాగేనని డోరు తీసి పట్టుకుని, ఆమె ముఖంలోకి పరకాయించి చూశాడు.

"ఏమీ అనుకోకండి అక్కగారూ. తోబుట్టువులైనా మీకూ ఆమెకూ పోలికే లేదు. ఆ ముఖంలో కళే వేరు. వెయ్యి మందిలో ఉన్నా ఇట్టే గుర్తుపట్టేవాణ్ణి."

"దాని అదృష్టం బాబూ," అంటూ ఆమె కారెక్కింది.

ఊరి చివర ఆమెను దింపిన కారు మలుపు తిరిగి కనుమరుగయ్యాక, కర్రను గోడకు ఆనించి, శాలువా విప్పి నడుముకు బిగించి, గీత దగ్గర వరసగా నిలబడ్డ ఆడపిల్లల ముందు విజిల్ ఊదింది సుడిగాలి.