పిన్నిగారి గీత

ఫ్యాన్ల మోత కొలిచే ఆ గదిలో మైకు అందుకున్న చప్పుణ్ని తెర మీద గీతగా చూపించే పాత పైథాన్ ప్రోగ్రాములన్నీ పిన్నిగారు రాసినవే. ఆఫీసంతా ఆవిణ్ని పిన్నిగారనే పిలిచేది. రెండు వేళ్లతోనే టైపు చేసేవారు. టక్ టక్ టక్, కళ్లజోడు సర్దుకోవడం, మళ్లీ టక్ టక్ టక్.

“కోడి గింజలేరుకుంటున్నట్టుంది పిన్నిగారూ!” అని నిండు మీటింగులో అందర్నీ నవ్వించిన ఇంజనీరే ఇప్పుడు ఆవిడ సీట్లో ఉన్నాడు. ఆ మీటింగు మర్నాటి నుంచి ఆవిడ ఆఫీసుకు రాలేదు. మొన్నీమధ్య పోయారని కబురు మాత్రం వచ్చింది.

ఆ రాత్రి అతనొక్కడే. ఆవిడ ప్రోగ్రాముల్లోని పాత కమాండ్లు కొత్త సాఫ్ట్‌వేరుకి పట్టడం లేదు. తప్పని ఎర్రక్షరాలు వచ్చిన చోటల్లా విసుక్కుంటూ మార్చుకుంటూ పోయాడు. ఎట్టకేలకు గ్రాఫు తెరుచుకుంది.

ఫ్యాన్లన్నీ ఆపేసి ఉన్నాయి. అతని చేతులు ఒళ్లో ఉన్నాయి. చెవికి ఏమీ వినపడటం లేదు. గీత మాత్రం మూడుసార్లు ఎగిరింది. కాస్త ఆగింది. మళ్లీ మూడుసార్లు ఎగిరింది.

తను మార్చిన వరుసలన్నీ మళ్లీ చూసుకున్నాడు. వంక పెట్టడానికి ఒక్కటీ దొరకలేదు. భయం కన్నా ముందు సిగ్గు ముంచుకొచ్చింది. తల కొట్టేసినట్టయింది.

“పిన్నిగారూ,” అన్నాడు. “ఆ రోజేదో నోరు జారాను. తప్పయిపోయింది. క్షమించండి.”

మైకు మీదకి వంగి ఇంకా గట్టిగా అన్నాడు. చివరికి అరిచాడు.

అతని మాటకు గీత కాస్తయినా కదల్లేదు. దాని పాటికి అది మూడుసార్లు ఎగిరి, కళ్లజోడు సర్దుకునేంతసేపు ఆగింది.