ఎలుకకు పోయిన భయం

ధాన్యం గోదాము షావుకారు తన నీడను చూసి తానే జడుసుకునే మనిషి. ఎలుకల బెడదకని పిల్లులను తెచ్చాక, మొగుడూ పెళ్ళాలిద్దరికీ జ్వరం వచ్చి తగ్గింది. ఆ తర్వాత ఆయన తీరే మారిపోయింది. ఎవరూ ముట్టని మూతపడ్డ మిల్లు కొన్నాడు. ఇప్పుడు ఉన్న ఇల్లు తాకట్టు పెడతానంటున్నాడు.

భార్య తమ్ముడు పశువుల డాక్టరు. "అక్కా, పిల్లుల్నించి కంటికి కనపడని పురుగొకటి ఎలుకలకి అంటుకుంటుంది. అది మెదడులో చేరితే వాటికి పిల్లంటే భయం పోతుంది. బావకి పరీక్ష చేయిస్తే, ఆయన రక్తంలోనూ దాని జాడ ఉంది. మనుషుల్నేం చేస్తుందో మాత్రం గట్టిగా చెప్పలేం," అన్నాడు.

ఆ రాత్రి ఆమె భర్తను పిలుచుకురావడానికి గోదాముకు వెళ్ళింది. బస్తాల నడుమ ఒక్కటే దీపం వెలుగుతోంది. ఒక ఎలుక తీరిగ్గా నడిచొచ్చి పిల్లి మూతిని వాసన చూసింది. పిల్లి చటుక్కున కరిచి పట్టింది. ఎలుక కీచుమననైనా లేదు. ఎముకలు నలిగే చప్పుడొక్కటే వినిపించింది.

"చూశావా, ఏం ధైర్యమో!"

భర్త గొంతు పైనుంచి వచ్చింది. కప్పుదాకా పేర్చిన బస్తాల అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాడాయన.

"మీకు దణ్ణం పెడతా, దిగండి!"

"నువ్వే రా. ఇక్కణ్ణించి చూస్తే అన్నీ చిన్నవే."

ఆమెకు పీట ఎక్కినా కళ్ళు తిరుగుతాయి. అయినా ఆయన్ని దించాలని నిచ్చెన పట్టుకుంది. సగం ఎక్కి కిందకు చూసింది. కళ్ళు తిరగలేదు. గుండె దడదడలాడలేదు. నిచ్చెన మీదే ఆగి, భయపడాలని శాయశక్తులా ప్రయత్నించింది.

భయం రాలేదు.

పై మెట్టు మీద కాలు పెట్టింది.