ఎనిమిదిన్నర సెకన్లు

"ఎనిమిది పాయింట్ తొమ్మిది," అన్నాడు జెనోన్.

టవరు కొసన తాడుకు వేలాడుతూనే కలీనా గోడను ఓ గుద్దు గుద్దింది.

ఊరి అగ్నిమాపక కేంద్రంలో నీళ్ళ గొట్టాలు ఆరేసుకునే టవరు అది. పదిహేను మీటర్లు. చలికాలమంతా తండ్రీకూతుళ్ళు దానికి పలకలు దిగ్గొట్టి, వేగంగా గోడెక్కే పోటీల్లో ఉండే వరసలోనే చేతులూ కాళ్ళూ ఆన్చే పట్లు బిగించారు. పట్టణంలో క్లబ్బు మూతపడింది. కోచ్ లేడు. ఉన్నది నాన్న జెనోనే. అగ్నిమాపక దళాల పోటీల్లో ఇరవై ఏళ్ళు స్టాప్‌వాచ్ పట్టిన చెయ్యి అతనిది.

లుబ్లిన్ నగరంలోని క్రీడా పాఠశాలలో ఒక్క సీటుంది. ఎనిమిదిన్నర సెకన్లలోపు ఎక్కగలిగితేనే దరఖాస్తు పెట్టాలి. మే ముప్పై గడువు. ఎంపికైతే సెప్టెంబరు నుంచి అక్కడే హాస్టలు.

"పిల్ల వెళ్ళిపోతే నీకు సూప్ ఎవరు కాస్తార్రా?" కింద తాడు పట్టుకున్న మ్యెతెక్ ఆయాసపడుతూ అడిగాడు. దళంలో జెనోన్‌కి పాత జతగాడు.

"నువ్వొచ్చి కాయి. ఆ పొట్టయినా తగ్గుద్ది."

కిందికి దిగిన కలీనా పకపకా నవ్వింది. "ఏదీ, వాచీ చూపించు నాన్నా."

"వాచీ నేను చూస్తా. నువ్వు కాళ్ళు చూసుకో. మళ్ళీ!"

ఆమె ఫోన్లో వీడియో తీసుకుంటానంటే, "ఫోనుకి పోజులిస్తే గోడ ఎక్కలేవు" అన్నాడు.

రోజుకు పన్నెండుసార్లు. వేళ్ళు చిట్లాయి. టేపు చుట్టింది. టేపులోంచి రక్తం ఊరింది. సమయం ఎనిమిది పాయింట్ ఏడుకు వచ్చింది. తర్వాత ఆరుకు. అక్కడే ఆగిపోయింది.

"ఇవాళ నీ వెనకాల తాడు లాగలేక చచ్చాను పిల్లా," అన్నాడు మ్యెతెక్. "టైము తగ్గే ఉంటుంది."

"ఎనిమిది పాయింట్ ఆరు."

"నీ వాచీ ముసల్దైపోయిందిరా. ఇలా తే."

"నీ ఆయాసంతో కొలవమంటావా?" జెనోన్ వాచీ జేబులో వేసుకున్నాడు.

గడువు రోజు మధ్యాహ్నం పన్నెండోసారి ఎక్కింది. దిగి, తండ్రి మొహంలోకి చూసింది.

"పాయింట్ ఆరే తల్లీ."

కలీనా గడ్డిలో కూలబడింది. మ్యెతెక్ వంగి గుసగుసగా అన్నాడు. "పాయింట్ నాలుగని రాసెయ్. ఎవడు చూడొచ్చాడు?"

"నా ఇంట్లో దొంగ లెక్కలు రాయరు!" జెనోన్ అరుపుకి రోడ్డు మీద పోయేవాళ్ళు తిరిగి చూశారు.

"నాన్న చెప్పిందే నిజం బాబాయ్," అంది కలీనా. "నాకు చాతకాలేదు, అంతే."

ఇంటికెళ్ళి దరఖాస్తు చింపింది. గోడెక్కే బూట్లు తీసి పొయ్యిలో పడేసింది. రబ్బరు కాలిన కంపు వంటిల్లంతా కమ్మింది. జెనోన్ ఆమె తల నిమిరి, వేడి సూప్ పోసిచ్చాడు.

"సోమవారం నుంచి నేనూ నీతో పుట్టగొడుగుల షెడ్డులో పనికొస్తా నాన్నా. ఇంక ఎక్కడికీ పోను."

"నీ ఇష్టం తల్లీ."

ఆమె వేళ్ళ టేపు నానబెట్టి ఊడదీసుకోవడానికి పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళాక, జెనోన్ జేబులోంచి స్టాప్‌వాచ్ తీసి, అందులో నిలిచివున్న ఆ రోజు సమయాలను ఒక్కొక్కటే చెరిపేశాడు: ఎనిమిది పాయింట్ రెండు, ఎనిమిది పాయింట్ ఒకటి, ఏడు పాయింట్ తొమ్మిది.