నిలిచే నలుపు

“నల్లగా ఉంటే నల్లగా, తెల్లగా ఉంటే తెల్లగా, ఎలా ఉన్నా సరే. ఇవాళ నా పిస్తోలు నాకిచ్చెయ్, ఓడెల్!”

లోపలికి వస్తూనే హార్లన్ టోపీ తీసి బల్ల మీద పడేశాడు. తుపాకులు బాగుచేసే ఓడెల్ తలెత్తనైనా లేదు. చిన్న స్ప్రింగునొకదాన్ని పట్టకారుతో పట్టుకుని వెలుతురుకి పెట్టి చూసుకుంటున్నాడు.

“కూచోరా. కాఫీ ఉంది.”

“నీ కాఫీ తాగీ తాగీ నా కడుపు నల్లబడింది గానీ పిస్తోలు నల్లబడలేదు.”

ఆ మాటలో అబద్ధం లేదు. హార్లన్ పిస్తోలు తెచ్చిచ్చింది నవంబరులో, భార్య మేవిస్‌ని మట్టిలో పెట్టి వచ్చిన కొద్దిరోజులకి. ఇప్పుడు కొండల మీద మంచు కరిగి వాగుల్లోకి దిగుతోంది. మోంటానాలో ఈ మూలకి తుపాకుల కొట్టు ఇదొక్కటే కాబట్టి సరిపోయింది. ఇంకోటి ఉంటే ఓడెల్ ఈపాటికి దుకాణం మూసుకునేవాడు.

అది స్టెయిన్‌లెస్ స్టీలు పిస్తోలు, అద్దంలా మెరిసేది. పెళ్ళిరోజుకి మేవిస్ కొనిచ్చింది. ఆవిడ పోయాక హార్లన్ ఆ మెరుపు చూడలేకపోయాడు. సొరుగు తీసినప్పుడల్లా ఆవిడే తొంగిచూసినట్టుండేది. “దీన్ని నల్లగా చేసిపెట్టు. చవకదేదైనా సరే, ఎక్కువ కాలం నిలవక్కర్లేదు” అన్నాడు ఆ రోజు. జన్మంతా పంట కోసే కంబైన్ యంత్రాలు బాగుచేసి, నాసిరకం బోల్టు చేతికిస్తే విసిరికొట్టిన మనిషి అన్న మాట అది. అప్పుడతనికి బతుకే ఎక్కువ కాలం అక్కర్లేదనిపించేది. ఓడెల్ అతని మొహంలోకి చూసి పిస్తోలు తీసుకున్నాడు.

అక్కణ్ణుంచీ మొదలయ్యాయి సాకులు. డబ్బా పెయింటు కొడితే గోటికి ఊడొస్తుంది, నా పరువు పోతుంది, ఆలోచించుకుని శనివారం రా అన్నాడు. మామూలు తుపాకులకి పూసే నల్లమందు స్టెయిన్‌లెస్‌కి పట్టదు, మళ్ళీ శనివారం రా అన్నాడు. తర్వాత పూత కాల్చే ఓవెన్ వేడెక్కడం లేదన్నాడు. హార్లన్ విప్పి చూస్తే లోపల తీగ ఎవరో చేత్తో లాగినట్టు ఊడి ఉంది. అది బిగిస్తే రంగు చల్లే గాలిపంపు పాడైంది. అది కుదుటపడితే ఓడెల్ అక్కగారి ట్రాక్టరు మొరాయించింది. దాని తర్వాత చర్చిలో హీటరు. పిస్తోలు ఎవరికో అమ్ముకున్నాడేమోనని కూడా హార్లన్‌కి అనుమానం వచ్చింది. అయినా శనివారం వస్తే ఇంట్లో ఆ ఖాళీ కుర్చీకి ఎదురుగా కూచోలేక, బండి తాళాలు తీసుకుని బయల్దేరేవాడు.

“ఓవెన్ బాగుచేశాను, గాలిపంపు బాగుచేశాను, మీ అక్క ట్రాక్టరూ బాగుచేశాను. ఇంకేం సాకుంది నీ దగ్గర?”

“చర్చిలో ఆడవాళ్ళు భోజనం పెట్టారా?”

“పెట్టారు, పళ్ళెం నిండా. పైగా గిన్నెలో పెట్టి ఇంటికీ ఇచ్చారు. మాట మార్చకు.”

“ఇన్నాళ్ళూ లేని తొందర ఇప్పుడేమొచ్చింది?” అంటూ ఓడెల్ మొదటిసారి తలెత్తాడు.

“సెప్టెంబరులో పక్క పొలం హోల్కం వాళ్ళతో వేటకి కొండెక్కుతున్నాను. వాళ్ళ లారీ చూసుకోవాలి. వంట కూడా నాదే.”

“నీ వంటా? వాసనకే ఎలుగుబంట్లు పారిపోతాయి. ఇంక పిస్తోలెందుకురా?”

“వాగింది చాల్లే. అక్కడ వానా, గుర్రాల చెమటా, పొగా. ఏ పూత ఆగుతుందో అది చెప్పు.”

ఓడెల్ పట్టకారు పక్కన పెట్టేశాడు. “చవకది చాలన్నావుగా?”

“ఇప్పుడూ చవకదే కావాలి. నాకేమన్నా బంగారు గనులున్నాయా? కానీ నిలవాలి. వచ్చే ఏడూ రమ్మన్నారు. ఆ పై ఏటికి హోల్కం కూతురికి కంబైన్ పని నేర్పాలట. ఏటేటా వచ్చి నీ మొహం చూస్తూ కూచోవడం నా వల్ల కాదు.”

“ఎన్నేళ్ళు నిలవాలి?”

హార్లన్ వేళ్ళు మడవబోయి మధ్యలో వదిలేశాడు. “చాలా ఏళ్ళు నిలవాలిరా” అన్నాడు. అలా అన్నందుకు తనకే కొంచెం సిగ్గేసింది.

“కరిగిన ఉప్పులో ఉడికించేది అన్నిటికన్నా గట్టిది. కానీ ఫ్యాక్టరీకి పంపాలి, ధర మండిపోతుంది. సిరామిక్ పూత పూసి ఓవెన్‌లో కాలిస్తే ఏళ్ళ తరబడి ఉంటుంది. నీ జేబుకీ అందుతుంది.”

“అయితే అదే వెయ్యి. మళ్ళీ శనివారం రమ్మన్నావంటే మాత్రం...”

ఓడెల్ మోకాళ్ళు పట్టుకుని లేచి లోపలి గదిలోకి వెళ్ళాడు. ఇనప్పెట్టె తలుపు కిర్రుమంది. అట్టపెట్టె ఒకటి తెచ్చి హార్లన్ ముందు పెట్టాడు. దాని మీది దుమ్ముకి హార్లన్ వేళ్ళు బూడిదరంగయ్యాయి. ప్యాంటుకి తుడుచుకుని మూత తీశాడు.

లోపల పిస్తోలు నల్లగా ఉంది. ఎక్కడా మెరుపు లేదు. గోటితో గీకి చూశాడు, గీత పడలేదు.

“సిరామిక్కేనా?”

“సిరామిక్కే.”

హార్లన్ ఆ పిస్తోలు వైపూ, మూల ఉన్న ఓవెన్ వైపూ మార్చి మార్చి చూశాడు. “ఇది ఎప్పుడు కాల్చావురా?”

ఓడెల్ చల్లారిపోయిన కాఫీ కప్పు చేతిలోకి తీసుకున్నాడు.

“నిలవక్కర్లేదని నువ్వన్న మర్నాడే.”