రెండో లైటు

"రెండు చెవులూ కనపడాలి. ఎక్కడా నీడ ఉండకూడదు," అన్నాడు వచ్చినవాడు, స్టూలు మీద కూర్చుంటూనే.

ఫొటోగ్రాఫర్‌కు చిర్రెత్తుకొచ్చింది. పదహారేళ్లుగా మొహాల మీద వెలుగు చల్లుతున్నవాడికి దారినపోయేవాడు పాఠం చెప్పడమా!

వచ్చిన మనిషి నలభై దాటినవాడు. వేళ్ల కొసలు నీళ్లలో నానినట్టు ముడతలు పడి ఉన్నాయి. కాళ్ల దగ్గర రబ్బరు సంచి. దాన్లోంచి బురద వాసన.

"దేనికి ఫొటో?"

"గేటు పాసుకి. తొందరగా అన్నా. లోపల మనుషులు ఎదురు చూస్తున్నారు."

"చూడనివ్వండి. పెళ్లికొడుకు వచ్చేదాకా ముహూర్తం ఎక్కడికి పోతుంది!"

కుడిపక్క లైటు వెలిగించి, తలకన్నా జానెడు ఎత్తులో ఏటవాలుగా నిలబెట్టాడు. చెంప ఎముక ఉలితో చెక్కినట్టు లేచింది. ఎడమపక్క నీడను చెరిపే రెండో లైటు మీద చెయ్యి వేసి, ఆగి, తీసేశాడు.

ఇలాంటి మొహం మళ్లీ దొరుకుతుందా! పెద్దది చేసి గోడకు తగిలిస్తే ఊరంతా ఆగి చూడాలి.

"ఆ రెండోది వెయ్యరా?"

"వేస్తే మొహం అట్టముక్కలా చదునైపోతుంది. నీడ ఉంటేనే మనిషికి లోతు."

"లోతు సంగతి నాకు తెలుసన్నా. పాసుకి లోతెందుకు?"

బల్ల మీద ఫోను మోగింది. మరదలు. సొరంగం పనికి వెళ్లే తమ్ముడు క్యారియర్ మరిచిపోయాడని రోజూ ఇదే గోల. ఫోను బోర్లించాడు.

మళ్లీ మోగింది. మళ్లీ.

"తియ్యండి. ఏం అవసరమో."

"అవసరం కాదు, అన్నం డబ్బా. కదలకండి!"

ఐదు నిమిషాల్లో ఫొటో చేతికొచ్చింది. సగం మొహం వెలుగు, సగం బొగ్గు. అతను ఏదో అనబోయాడు. గోడ గడియారం చూసి, మాట మింగి పరుగెత్తాడు.

ముప్పావు గంటకు ఒగరుస్తూ తిరిగొచ్చాడు. ఫొటో మీద ఎర్రసిరా అడ్డగీత.

"ఒప్పుకోలేదన్నా. కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఈసారి రెండు లైట్లూ వెయ్యి."

"గాడిదకేం తెలుసు గంధప్పొడి వాసన!"

రెండు లైట్లూ వెలిగాయి. మొహం మీద నీడన్నది లేదు. అప్పుడు కనిపించింది ఆ కళ్లలో భయం. తన కోసం పడే భయంలా లేదది.

"ఎందుకంత కంగారు?" మొదటిసారి అడిగాడు ఫొటోగ్రాఫర్.

"నీళ్లు ఆగవన్నా." వెచ్చగా ఉన్న ఫొటో లాక్కుని వెళ్లిపోయాడు.

ఏం నీళ్లో! ఫోను తిప్పి చూశాడు. పదకొండుసార్లు మరదలే.

చేశాడు.

"బావగారూ..." ఏడుపులో ఆమె మాట మునిగిపోతోంది. "పొద్దున సొరంగంలోకి నీళ్లొచ్చాయి. మీ తమ్ముడు లోపలే ఉండిపోయారు. ఇందాకటిదాకా లోపల్నుంచి ఇనప గొట్టం మీద తట్టారు. ఇప్పుడా చప్పుడు లేదు."

బల్ల మీదినుంచి ఎర్రగీత ఫొటో ఒంటికన్నుతో చూస్తోంది.

"ఎవర్నీ... ఎవర్నీ దించలేదా?"

"ఆ నీళ్లలో దిగగలిగే ఈతగాడు ఒక్కడేనట బావగారూ, అరగంట కిందటే వచ్చాడట కూడా... ఫొటోలో సగం మొహం లేదని గేటు దగ్గర వెనక్కి పంపేశారట."