చూపించే నీళ్లు

బడి వంటగది గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. నలిగిన చొక్కా, మాసిన గడ్డం, చేతిలో టిఫిన్ డబ్బా అంత పెట్టె.

"అమ్మా, మీ ట్యాంకు నీళ్లు ఒక గ్లాసు ఇస్తారా? పరీక్ష చేయాలి."

వంటక్క గరిటె పక్కన పెట్టేసింది. తనిఖీకి వచ్చాడు! తేడా వస్తే ముందు ఊడేది తన ఉద్యోగమే. కూతురి చదువు కూడా ఈ బడిలోనే మరి.

రెండు రోజులుగా ట్యాంకు నీళ్లు అదోలా వాసన కొడుతున్నాయి.

"తనిఖీవాళ్లు అడిగితే సీసాలోవి ఇవ్వు" అని హెడ్మాస్టరు ఎప్పుడో చెప్పి పెట్టారు. అలమరలో కొన్న నీళ్ల సీసా అందుకే ఉంటుంది.

ఆమె అటు తిరిగి, సీసాలోంచి గ్లాసు నింపింది.

"ఇంత బుల్లి పెట్టెతో ఏం తెలుస్తుందండీ?"

"రోగం తెచ్చే క్రిమి జన్యువు ఉంటే పట్టేస్తుందమ్మా. ల్యాబుకి పంపితే రోజులు పడుతుంది. ఇది చవకది, అరగంట చాలు. గొట్టంలో రంగు మారిందా, ఇక ఆ నీళ్లు ముట్టకూడదు."

చుక్క వేసి మూత పెట్టాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. టీ ఇస్తే తాగలేదు. పెట్టె మీంచి చూపు తిప్పితే ఒట్టు.

రంగు మారలేదు.

"ఇక్కడ లేదు," అంటూ కళ్లు తుడుచుకున్నాడు. "పిల్లల్ని హాయిగా తాగనివ్వండి. ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పేస్తాను."

నీళ్లు బాగుంటే ఏడుస్తాడేంటి, ఏం మనిషో! వంటక్క బతుకు జీవుడా అనుకుని పొయ్యి వెలిగించింది.

మధ్యాహ్నం కూతురు గ్లాసు పట్టుకొచ్చింది.

"అమ్మా, వాసనొస్తున్నాయే."

"ఏం కాదులే, అందరూ తాగట్లా? తాగు."

మర్నాటికి ఆసుపత్రిలో మంచాలు చాలలేదు. వాంతులతో కూతురు తోటకూర కాడలా వేలాడిపోయింది.

"డాక్టరుగారూ, నా బిడ్డ బతుకుతుందా?"

"చూస్తున్నాం కదమ్మా. ఎక్కడి నీళ్లు తాగింది?"

"బడి ట్యాంకువే."

"అవి మంచివేనని నిన్న ఫోనొచ్చిందే! అందుకేగా ఈ జబ్బు ఏ నీళ్ల నుంచి వస్తోందో అని మేం మిగతా ఊరంతా వెతుకుతున్నాం."

వంటక్క డాక్టరు కాళ్ల మీద పడిపోయింది.

"అవి ట్యాంకువి కావయ్యా! సీసాలోవి ఇచ్చాను. తనిఖీకి వచ్చాడనుకున్నాను."

డాక్టరు ఆమెను పైకి లేపాడు.

"ఎంత పని చేశావమ్మా! నిన్ననే తెలిస్తే ట్యాంకు మూయించేవాళ్లం. ఆయన తనిఖీకి రావడమేంటి? పోయిన వారం ఇదే జబ్బుతో, ఇదే మంచం మీద కూతుర్ని పోగొట్టుకుని, ఇంకో బిడ్డ పోకూడదని మా పరీక్ష పెట్టె పట్టుకుని గడప గడపా తిరుగుతున్న తండ్రి."